దేవుని నడిపింపును నిజాయితీగా అడగడం, విన్నదానికి లోబడడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి సంబంధం కుదిరేముందు, ఉద్యోగం మారేముందు, విదేశానికి బయలుదేరేముందు దేవుని చిత్తం ఎలా తెలుసుకోవాలని విశ్వాసులు తప్పక అడుగుతారు. తెలిసిన తర్వాత ఏం చేస్తామన్న ప్రశ్న మాత్రం బైబిలు తరగతుల్లో గానీ ప్రార్థన కూడికల్లో గానీ అరుదుగా వినబడుతుంది. లేఖనాలు ఈ రెండవ ప్రశ్నకే ఎక్కువ బరువు ఇస్తాయి. యిర్మీయా 42, 43 అధ్యాయాల్లో ఉన్నంత స్పష్టంగా ఈ సంగతి మరెక్కడా కనబడదని నా అభిప్రాయం. అందుకే కింది జవాబుల్లో చాలావరకు ఆ సంఘటన ప్రస్తావన ఉంటుంది. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉండేటట్లు రాశాను కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## అడగకముందు

యిర్మీయా 42లో ప్రజలు దేవుణ్ణి అడిగే కదా నడుచుకోవాలనుకున్నారు, మరి వాళ్ల తప్పేమిటి?

క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కూలిపోయిన తర్వాత బబులోనువారు అహీకాము కుమారుడైన గెదల్యాను యూదా దేశంలో మిగిలిన బీదల మీద అధికారిగా నియమించారు. రాజవంశీకుడైన ఇష్మాయేలు పదిమందితో మిస్పాకు వచ్చి, భోజనానికి కూర్చున్న చోటనే గెదల్యాను చంపాడు. కారేహ కుమారుడైన యోహానాను ఈ కుట్ర గురించి గెదల్యాను ముందే హెచ్చరించాడు. హత్య జరిగిన తర్వాత ఇష్మాయేలును వెంబడించి, గిబియోను దగ్గర చెరపట్టబడినవారిని విడిపించాడు. అంటే అతడు ధైర్యం, బాధ్యత గల మనిషి. తమ అధికారి హత్యకు బబులోను పగతీర్చుకుంటుందన్న భయంతో ఆ గుంపు బేత్లెహేము దగ్గర ఆగింది. ఐగుప్తుకు వెళ్లాలన్నదే వారి ఉద్దేశమని 41:17 ముందుగానే చెబుతోంది.

ఆ ఉద్దేశంతోనే, అల్పులు మొదలుకొని ఘనుల వరకు అందరూ ప్రవక్తయైన యిర్మీయా దగ్గరికి వచ్చి, తాము నడవవలసిన మార్గం దేవుణ్ణి అడగమని బతిమాలారు. మంచిదైనా చెడ్డదైనా లోబడతామని యెహోవాను సాక్షిగా పెట్టి ప్రమాణం చేశారు. ఈ దేశంలోనే నిలిచి ఉండండి, బబులోను రాజుకు భయపడకండి, ఐగుప్తుకు వెళ్లవద్దు అని పది రోజుల తర్వాత జవాబు వచ్చింది. వాళ్లు ఆ జవాబును అబద్ధమని కొట్టివేసి ఐగుప్తుకే వెళ్లారు. వాళ్లు అడిగిన మాటల్లో ఒక్క లోపం కూడా చూపలేం. ప్రయాణం నిర్ణయమైపోయాక అడిగారు, అదే తప్పు. మిమ్మును మీరే మోసపుచ్చుకున్నారని యిర్మీయా 42:20లో వారి ముఖం మీదనే చెప్పాడు.

నేను దేవుని చిత్తం కోసం అడుగుతున్నానా, నా నిర్ణయానికి ఆమోదం కోసం అడుగుతున్నానా? ఎలా తెలుసుకోవాలి?

మీరు కోరుకోని జవాబు వస్తే రేపు ఉదయం మీరు చేయవలసిన మొదటి పని ఏమిటో ఒక కాగితం మీద రాయడానికి ప్రయత్నించండి. సంబంధం వారికి ఫోను చేసి వద్దని చెప్పడం కావచ్చు, కట్టిన అడ్వాన్సు వదులుకోవడం కావచ్చు. ఆ పని రాయడానికి కూడా మనసు ఒప్పుకోకపోతే, నిర్ణయం ఇప్పటికే జరిగిపోయిందని గ్రహించాలి.

యూదా రాజైన యెహోషాపాతు ఉదాహరణ చూడండి. ఇశ్రాయేలు రాజైన అహాబు తనతో కలిసి రామోత్గిలాదు మీదికి యుద్ధానికి రమ్మని అడిగినప్పుడు, నేను నీవాడనే, నా జనులు నీ జనులే అని మాట ఇచ్చేశాడు. ఆ తర్వాతి వచనంలో యెహోవా యొద్ద విచారణ చేద్దామన్నాడు (1 రాజులు 22:4, 5). మాట ఇచ్చాక విచారణ చేస్తే, యెహోవా ప్రవక్తయైన మీకాయా ఎంత స్పష్టంగా హెచ్చరించినా ఆ హెచ్చరికకు చోటు మిగలలేదు. యెహోషాపాతు దుష్టుడు కాడు, మంచి రాజుల్లో ఒకడు. మంచివారు కూడా ఈ వరుసను తారుమారు చేస్తారు కనుకనే మనల్ని మనం పరీక్షించుకోవాలి.

దేవుని చిత్తం అడిగేవారికి సొంత ఇష్టం అసలు ఉండకూడదా?

ఉండవచ్చు, దాన్ని దేవునితో చెప్పనూ వచ్చు. గెత్సేమనేలో యేసు ఈ గిన్నె నా యొద్దనుండి తొలగిపోనిమ్మని మూడుసార్లు ప్రార్థించాడు. తన కోరికను దాచలేదు, దాన్ని తండ్రి చిత్తం కంటే పైన పెట్టనూ లేదు. బేత్లెహేము దగ్గర ఆగిన గుంపు మాత్రం ఐగుప్తు మీద తమకున్న ఆశను ఒక్క మాటలోనైనా బయటపెట్టకుండా, ఏదైనా సరే అన్నట్లు మాట్లాడింది. ప్రభువా, నాకు ఈ ఉద్యోగం చాలా ఇష్టం, వద్దంటే నాకు కష్టంగా ఉంటుంది అని ఒప్పుకొని చేసే ప్రార్థన, నాకు ఏ కోరికా లేదని చెప్పే ప్రార్థన కంటే సత్యానికి దగ్గరగా ఉంటుంది.

ప్రతి విషయం గురించీ ప్రార్థన చేసి కనుక్కోవాలా? బైబిల్లో ముందే రాసి ఉన్నవాటి గురించి కూడానా?

రాసి ఉన్నదాన్ని మళ్లీ అడగడం భక్తిలా కనబడుతుంది గానీ, చాలాసార్లు అది లోబడడాన్ని వాయిదా వేయడమే. విదేశీ ఉద్యోగానికి తప్పుడు అనుభవ పత్రం పెట్టవచ్చా, కట్నం కోసం ఆడపిల్ల తల్లిదండ్రులను ఒత్తిడి చేయవచ్చా అన్నవి దేవుని చిత్తం కోసం కనిపెట్టవలసిన విషయాలు కావు. అబద్ధం గురించీ దురాశ గురించీ పొరుగువాని గురించీ లేఖనాలు ఎప్పుడో మాట్లాడాయి. యోహానానుతో ఉన్నవారికి కూడా కొత్త జవాబు అవసరం లేదనే చెప్పాలి: బబులోనుకు లోబడి బ్రతకమని యిర్మీయా ఏళ్ల తరబడి ప్రకటించాడు, ఐగుప్తును ఆశ్రయించడం వ్యర్థమని యెషయా 30, 31 అధ్యాయాలు అంతకు వందేళ్ల ముందే హెచ్చరించాయి.

దీనికి మరో వైపు కూడా ఉంది. గిబియోనీయులు పాత చెప్పులతో, బూజుపట్టిన రొట్టెలతో వచ్చినప్పుడు ఇశ్రాయేలు పెద్దలు కంటితో చూసినదాన్ని నమ్మి, యెహోవా సెలవు అడగకుండా నిబంధన చేసుకున్నారు (యెహోషువ 9:14). వాక్యం నేరుగా చెప్పని చోట, ముఖ్యంగా ఇతరులతో ఒప్పందాలు చేసుకునే చోట, అంతా స్పష్టంగా ఉన్నట్లు కనబడినా ఆగి అడగడం మంచిది.

## అడిగేటప్పుడు

మా పాస్టరు గారితో ప్రార్థన చేయించి దేవుని మాట తెలుసుకోవచ్చా?

ప్రార్థన చేయమని అడగడం తప్పు కాదు, ప్రజలు యిర్మీయాను అలా అడిగినందుకు అతడు వారిని గద్దించలేదు, వెంటనే ఒప్పుకున్నాడు. అయితే దైవజనుడు జవాబు చెప్పగలడేమో గానీ మీ బదులు లోబడలేడు. అంతే ముఖ్యమైన మరొక సంగతి: యిర్మీయా తన సొంత ఆలోచనను అప్పటికప్పుడు దేవుని మాటగా చెప్పలేదు. అతనికి ఆ విషయంలో దృఢమైన అభిప్రాయం ఉండే ఉంటుంది, అయినా వాక్కు వచ్చేవరకు పది రోజులు ఊరుకున్నాడు. వచ్చాక ఏదీ దాచకుండా చెప్పాడు. అడిగిన నిమిషంలోనే, అదీ మీకు నచ్చే జవాబును, ప్రతిసారీ ఇచ్చే వ్యక్తి విషయంలో జాగ్రత్త అవసరం. అహాబు ఎదుట నాలుగు వందలమంది ప్రవక్తలు ఒకే స్వరంతో వెళ్లమని చెప్పారు, ఒక్క మీకాయా వద్దన్నాడు. నిజమైంది మీకాయా మాటే.

బైబిలు తెరవగానే కంటపడిన వాక్యం, వాగ్దాన కార్డు, చీటీలు వేయడం – వీటిని దేవుని జవాబుగా తీసుకోవచ్చా?

ఇది అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న కనుక కొంచెం వివరంగా చెబుతాను. చీట్లు వేయడం బైబిల్లో ఉంది: యెహోషువ కాలంలో దేశాన్ని పంచుకోవడానికి వేశారు, ఇస్కరియోతు యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోవడానికి కూడా వేశారు (అపొ. కా. 1:26). ఆ తర్వాత, పెంతెకొస్తు దినాన పరిశుద్ధాత్మ దిగివచ్చిన మీదట, సంఘం ఒక నిర్ణయం కోసం చీట్లు వేసినట్లు కొత్త నిబంధనలో ఎక్కడా లేదు. అపొస్తలుల కార్యములు 15లో పెద్దలు కూడుకొని, లేఖనాలను ముందు పెట్టుకొని, చర్చించి నిర్ణయించారు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే వాగ్దాన కార్డు మనలో చాలామందికి ప్రియమైనది, అందులోని వాక్యం దేవుని వాక్యమే. చిక్కు ఎక్కడంటే, కార్డు మీద వాగ్దానం మాత్రమే అచ్చవుతుంది, దాని పక్కనే ఉన్న ఆజ్ఞ అచ్చు కాదు. యిర్మీయా 29:11 ఎన్నో ఇళ్ల గోడల మీద కనబడుతుంది. అది బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన పత్రికలోని మాట. దాని ముందు వచనం డెబ్బది సంవత్సరాలు ఆగవలసి ఉంటుందని చెబుతోంది; ఇంకా పైన ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరగొనిపోయిన పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. త్వరగా తిరిగి వచ్చేస్తామని ఆశపడుతున్నవారికి ఆ పత్రిక చేదుగానే ఉండి ఉంటుంది. కాబట్టి కంటపడిన వచనాన్ని తోసిపుచ్చనవసరం లేదు, ఆ అధ్యాయమంతా చదవండి. ఎవరికి చెప్పబడిందో, ఏం చేయమని చెప్పబడిందో చూసిన తర్వాత కూడా అది మీ పరిస్థితికి వర్తిస్తుందా అని ఆలోచించండి. నచ్చిన వచనం దొరికేవరకు పేజీలు తిప్పుతూ ఉంటే మాత్రం, అది అడగడం కిందికి రాదు.

ఉపవాసం ఉండి, ఏం చెప్పినా చేస్తానని ప్రమాణం చేస్తే నా నిజాయితీ రుజువవుతుందా?

ప్రమాణం బలంగా ఉన్నంత మాత్రాన నిజాయితీ రుజువు కాదు. యిర్మీయాను అడిగిన ప్రజలు దేవుణ్ణే నమ్మకమైన సాక్షిగా పిలిచారు. ఆ ప్రమాణం చివరికి వారి మీదనే సాక్ష్యంగా నిలిచింది. ఉపవాసం విషయంలో యెషయా 58 ఇంకా సూటిగా మాట్లాడుతుంది: ఉపవాస దినాన పనివారిని కఠినంగా పనిచేయిస్తూ, కలహాలు ఆడుతూ, దేవుడు మమ్మల్ని ఎందుకు లక్ష్యపెట్టడు అని అడిగేవారితో, బాధింపబడినవారిని విడిపించడం, ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టడం తనకిష్టమైన ఉపవాసమని దేవుడు అంటున్నాడు. ఉపవాసం ఉండండి, కానీ ఆ దినాల్లోనే మీకు ముందే తెలిసిన ఒక ఆజ్ఞను, అంటే తీర్చవలసిన అప్పును గానీ అడగవలసిన క్షమాపణను గానీ, నెరవేర్చండి.

ఒకసారి జవాబు వచ్చాక మళ్లీ అడగడం అవిశ్వాసమా?

ఎందుకు మళ్లీ అడుగుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. కెయీలావారిని ఫిలిష్తీయుల చేతిలోనుండి రక్షించడానికి వెళ్లనా అని దావీదు అడిగాడు, వెళ్లమని జవాబు వచ్చింది. తన మనుషులు భయపడితే మరల అడిగాడు, అదే జవాబు వచ్చింది, వెంటనే లేచి వెళ్లాడు (1 సమూయేలు 23:1–5). లోబడడానికి కావలసిన బలం కోసం అడిగిన రెండవ ప్రశ్న అది. ఇశ్రాయేలును శపించడానికి రమ్మని మోయాబు రాజైన బాలాకు పిలిచినప్పుడు బిలాముకు కూడా మొదటిసారి స్పష్టంగా వెళ్లవద్దన్న జవాబు వచ్చింది. బాలాకు మరింత ఘనులైన అధికారులను పంపి గొప్ప సన్మానం చేస్తానన్నాకనే అతడు రెండవసారి అడిగాడు. మధ్యలో మారింది బహుమానం ఒక్కటే.

గిద్యోను గొర్రెబొచ్చు మీద మంచు పడడాన్ని సూచనగా అడిగిన ఉదాహరణను చాలామంది మాదిరిగా తీసుకుంటారు. దేవుడు అతనితో ముందే స్పష్టంగా మాట్లాడాడు, నీవు చెప్పినట్లు అని గిద్యోనే ఆ ప్రార్థనలో ఒప్పుకున్నాడు (న్యాయాధిపతులు 6:36). దేవుడు అతని బలహీనతను ఓర్చుకొని రెండు సూచనలు ఇచ్చాడు, అతడు వాటి తర్వాత ఆలస్యం చేయలేదు. అది దేవుని ఓర్పుకు సాక్ష్యం. మనం ప్రతి నిర్ణయానికీ ఉపయోగించుకోమని ఇచ్చిన పద్ధతి కాదు.

## కనిపెడుతున్నప్పుడు

ఎంతకాలంగా ప్రార్థిస్తున్నా జవాబు రావడం లేదు. దేవుడు ఎందుకు ఆలస్యం చేస్తాడు?

కారణం ప్రతిసారీ చెప్పబడదు. యిర్మీయాకు పది రోజులు ఎందుకు పట్టిందో ఆ అధ్యాయంలో లేదు. ఒకటి మాత్రం చెప్పవచ్చు: బబులోను సైన్యం ఎప్పుడు వస్తుందోనని భయపడుతున్నవారికి ఆ పది రోజులు చాలా పొడవైనవి, ఆ వ్యవధిలో వారు తమ ఉద్దేశాన్ని మార్చుకోవచ్చు, లేదా గట్టిపరచుకోవచ్చు. వారు రెండవది చేశారు. మీరు ఎదురుచూస్తున్న కాలంలో మీ నిర్ణయం నిశ్శబ్దంగా గట్టిపడుతోందా, వదులవుతోందా అని గమనించండి. ఈలోగా వీసాకు దరఖాస్తు, సామాను కొనుగోలు, బంధువులకు కబురు అన్నీ జరిగిపోతుంటే, మీరు కనిపెట్టడం మానేసినట్లే.

నాలో పాపం ఉంటే దేవుడు నా ప్రశ్నకు జవాబే ఇవ్వడా?

హృదయంలో పాపాన్ని లక్ష్యపెడితే ప్రభువు వినడని కీర్తన 66:18 చెబుతుంది. తన ఎదుట కూర్చున్న ఇశ్రాయేలు పెద్దలు తమ విగ్రహాలను హృదయంలోనే నిలుపుకొని విచారణకు వచ్చారని దేవుడు యెహెజ్కేలుకు తెలియజేశాడు (యెహెజ్కేలు 14:1–5). సౌలు రాజుకు స్వప్నాల ద్వారా గానీ ఊరీము (యాజకుడు దేవుని చిత్తం తెలుసుకునే సాధనం) ద్వారా గానీ ప్రవక్తల ద్వారా గానీ జవాబు రాలేదు. అయితే ఈ వచనాలు పడిపోయి, పశ్చాత్తాపపడి వచ్చేవానిని భయపెట్టడానికి రాసినవి కావు. పాపాన్ని విడువకుండా, దాన్ని గురించి మాట్లాడకుండా, వేరే విషయంలో మాత్రం నడిపింపు కావాలనేవారికి అవి హెచ్చరిక. జ్ఞానం కొదువగా ఉన్నవాడు అడిగితే దేవుడు గద్దించకుండా ధారాళంగా ఇస్తాడని యాకోబు 1:5 ఇచ్చిన మాట పాపులకే ఇచ్చిన మాట.

## జవాబు వచ్చాక

నా మనసులో సమాధానం ఉంది, పరిస్థితులు కూడా కలిసి వచ్చాయి. అది చాలదా?

చాలదు. నీనెవెకు వెళ్లమన్న మాట విని తర్షీషుకు పారిపోతున్న యోనాకు యొప్పేలో ఓడ సిద్ధంగా దొరికింది, కేవు (ప్రయాణపు కూలి) ఇచ్చాడు, తుపాను రేగినా ఓడ దిగువ భాగంలో గాఢనిద్ర పోయాడు. పరిస్థితులు కలిసి వచ్చాయి, మనసు కూడా నెమ్మదిగానే ఉంది. దారి మాత్రం తప్పుడు దారి. చాలామంది ఉదహరించే కొలొస్సయులకు 3:15 సంఘంలో ఒకరితో ఒకరు కలిసి బ్రతకడం గురించి చెప్పిన మాట, అది నిర్ణయాల పరీక్షకు సూత్రంగా రాసింది కాదు. దేవుడిచ్చే సమాధానం నిజమే, కానీ కోరుకున్నది దొరికినప్పటి ఊరట కూడా లోపల అచ్చం అలాగే ఉంటుంది కనుక, దాన్ని వాక్యం ముందూ, నిర్మొహమాటంగా మాట్లాడే ఇద్దరు ముగ్గురు విశ్వాసుల ముందూ పెట్టాలి.

జవాబు చెప్పినవారి మీదనే నాకు అనుమానం ఉంది. నమ్మకపోవడం తప్పా?

పరీక్షించడం తప్పు కాదు, అది ఆజ్ఞ. బెరయవారు పౌలు చెప్పినది అలా ఉందో లేదోనని ప్రతిదినం లేఖనాలు పరిశోధించినందుకు ఘనులని పిలవబడ్డారు. యిర్మీయా మాట విన్నవారు వేరే పని చేశారు. వాక్కులో ఏది తప్పో చూపలేదు. నేరీయా కుమారుడైన బారూకు (యిర్మీయా మాటలు రాసిపెట్టే లేఖకుడు) నిన్ను మా మీదికి రేపుతున్నాడని, మమ్మల్ని బబులోనువారికి అప్పగించడానికే ఇలా చెప్పిస్తున్నాడని ఆరోపించారు (43:2, 3). నలభై ఏళ్లుగా చెప్పినది నెరవేరడం చూసిన ప్రజలు, యెరూషలేము అతని మాట ప్రకారమే కాలిపోయాక కూడా, అతణ్ణి అబద్ధికుడన్నారు. మీ అనుమానం జవాబు వినకముందు ఉందా, విన్నాకనే పుట్టిందా అని మీరే అడుగుకోండి. నచ్చిన జవాబే వచ్చి ఉంటే ఆ వ్యక్తి గురించి ఇదే అనుమానం వచ్చేదా?

దేవుని మాట అర్థమైంది, కానీ భయం వల్ల చేయలేకపోతున్నాను. నేను వేషధారినా?

భయం వేషధారణ కాదు. ఆ భయాన్ని దేవునికి చెప్పకుండా, దాని మాటే వినడం ప్రమాదకరం. సిద్కియా రాజు యిర్మీయాను రహస్యంగా పిలిపించి అడిగాడు. బబులోను అధిపతులకు లోబడితే పట్టణం కాలిపోదని స్పష్టమైన జవాబు వచ్చింది. అప్పటికే కల్దీయుల (బబులోనువారి) పక్షం చేరిన యూదులు తనను అపహసిస్తారని భయపడుతున్నానని రాజు ఒప్పుకున్నాడు. వారు నిన్ను అప్పగించరు అని యిర్మీయా ఆ భయానికే నేరుగా జవాబిచ్చాడు (38:19, 20). ఐగుప్తు వైపు చూసినవారికి కూడా అలాగే, మీరు భయపడుతున్న బబులోను రాజుకు భయపడకండి, నేను మీకు తోడుగా ఉన్నాను అని దేవుడు చెప్పాడు. వారి భయం ఊహాజనితం కాదు. నెబుకద్రెజరు ఇరవై మూడవ ఏట మరో 745 మంది యూదులను చెరకు తీసుకుపోయారని యిర్మీయా 52:30 నమోదు చేసింది. దేవుడు ప్రమాదం లేదని అనలేదు, ఆ ప్రమాదంలో తోడుంటానని అన్నాడు. కాబట్టి మొత్తం ప్రయాణానికి సరిపడే ధైర్యం వచ్చేవరకు ఆగకుండా, ఈ వారం చేయగలిగిన మొదటి భాగం చేయండి.

## లోబడకుండా వెళ్లిపోయిన తర్వాత

దేవుడు వద్దన్నాడని తెలిసీ చేశాను. ఇప్పుడు తిరిగి అడిగే హక్కు నాకుందా?

ఉంది. మీకాయా హెచ్చరికను విని కూడా యుద్ధానికి వెళ్లిన యెహోషాపాతు ప్రాణాపాయంలో పడి తప్పించుకొని ఇంటికి వచ్చాడు, హనానీ కుమారుడైన యెహూ చేత గద్దింపబడ్డాడు. తర్వాత గొప్ప సైన్యం మీదికి వచ్చినప్పుడు అదే రాజు ఉపవాసం చాటించి, ఏమి చేయాలో మాకు తోచదు, నీవే మాకు దిక్కు అని ప్రజలందరి ఎదుట ప్రార్థించాడు (2 దినవృత్తాంతములు 20:12). ఈసారి ఎవరికీ ముందుగా మాట ఇవ్వలేదు, జవాబు రాగానే సాగిలపడ్డాడు, మరునాడు పెందలకడనే బయలుదేరాడు. అవిధేయత ఫలితాలు కొన్ని మిగిలి ఉండవచ్చు, తొందరపడి చేసిన పెళ్లి గానీ అమ్మేసిన పొలం గానీ వెనక్కి రాదు. ఇప్పుడున్న చోట, ఇప్పుడు లోబడగలిగిన విషయమేమిటో అడగండి.

నేను వద్దని చెప్పినా మా ఇంట్లోవాళ్లు వినకుండా నిర్ణయం తీసుకున్నారు. వాళ్లతో వెళ్లవలసి వస్తే నేనూ అవిధేయుడినేనా?

యిర్మీయా పరిస్థితి అదే. ఐగుప్తుకు వెళ్లవద్దన్న మాట చెప్పిన అతణ్ణీ బారూకునూ ఆ గుంపు తమతోపాటు ఐగుప్తులోని తహపనేసుకు తీసుకుపోయింది. నైలు నది డెల్టా తూర్పు భాగంలో, ఇప్పుడు టెల్ డెఫెన్నె అని పిలిచే స్థలమే అది. 1886లో అక్కడ తవ్వకాలు జరిపిన ఫ్లిండర్స్ పెట్రీ కోట ముందు ఇటుకలు పరిచిన విశాలమైన ఆవరణను కనుగొని, ఫరో నగరు ద్వారం దగ్గర యిర్మీయా రాళ్లు పాతిపెట్టిన చోటు ఇదే కావచ్చునని భావించాడు. దేవుడు అక్కడ కూడా యిర్మీయాతో మాట్లాడాడు, అతడు అక్కడ కూడా ఆ మాట చెప్పాడు. ప్రజలు ఆకాశరాణికి ధూపం వేయడం మానమని ఎదురు తిరిగినప్పుడు కూడా అతడు మౌనం వహించలేదు, వారిని విడిచిపెట్టి పోయినట్లు కూడా గ్రంథంలో లేదు.

ఇతరుల నిర్ణయానికి మీరు బాధ్యులు కారు. వారి ఎదుట మీరు చెప్పవలసిన మాట ఒకసారి, స్పష్టంగా, గౌరవంగా చెప్పి ఉంటే చాలు. ప్రతి కష్టంలో నేను ముందే చెప్పాను అని గుర్తు చేయనవసరం లేదు. వారు పాపంలో పాలు పంచుకోమని మిమ్మల్ని అడిగితే మాత్రం, ఒకే ఇంట్లో ఉంటూనే ఆ పని చేయనని చెప్పండి. వారితో వెళ్లిన చోట మీ ప్రార్థన, మీ బైబిలు పఠనం, అక్కడి సంఘంతో సహవాసం మొదటి వారంలోనే ఏర్పాటు చేసుకోండి.